గొంతులో లేని టెంక

ఆ చుట్టుపక్కల తండాల్లో పూలి మొహం తెలియనివాళ్లకు కూడా ఆమె కుడిచెయ్యి తెలుసు. బక్కపలచని చెయ్యి, పొడుగాటి వేళ్లు. మామిడికాయల కాలంలో పశువు రాలినకాయను నమలకుండా మింగేస్తుంది. టెంక గొంతుకు అడ్డంపడుతుంది. అప్పుడు పూలికి కబురు పోతుంది. ఇద్దరు మనుషులు పశువు నోరు తెరిచి పట్టుకుంటే, ఆమె మోచేతిదాకా చెయ్యి దూర్చి టెంకను బయటికి లాగుతుంది. పన్నెండేళ్లప్పుడు మొదటిసారి ఆ పని చేయించింది తండ్రి మంగీలాల్. ఆయన చెయ్యి మందం, ఆవు గొంతులో పట్టేది కాదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు ఆ చెయ్యి ఒక్కసారి కూడా ఉత్తదిగా బయటికి రాలేదు. దాన్ని చూసుకొని పూలికి కాస్త గర్వం ఉండేదంటే తప్పుపట్టనక్కర్లేదు. ఆమె చేసిన తప్పు మాత్రం ఆ గర్వం చేయించినదే.

2003లో పూలి గోశాలలో పనిచేస్తోంది. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు మీద, టేకుచెట్లు మొదలయ్యేచోట పెద్ద రేకుల కొట్టం. అందులో నలభై పశువులు. బొగ్గులారీలు గుద్దినవి, కబేళాకు పోయే లారీల్లోంచి పోలీసులు దింపించినవి, కాలు విరిగినవి, కన్ను పోయినవి. కొత్తగూడెం రైల్వే స్టేషన్ పేరులో భద్రాచలం చూసి, గుడి పక్కనే ఉంటుందనుకొని దిగిన భక్తులు ఇంకా నలభై కిలోమీటర్లుందని తెలిసి జీపెక్కుతారు. జీపువాళ్లు చాయ్ కోసం గోశాల ముందు ఆపుతారు. భక్తులు అరటిపండ్లు పెడతారు, ఆవుతోకను కళ్లకద్దుకుంటారు, ఫొటో దిగుతారు. ఆ తోక కింద పుండు కడిగేది మాత్రం ఇద్దరే, పూలి, ముసలయ్య. ముసలయ్యకు అప్పటికి యాభై కూడా నిండలేదు. "పుట్టంగనే పెట్టిండ్రు ఈ పేరు, ఎన్నడో ఒకనాడు అక్కరకొస్తదని" అనేవాడు.

గేటు దగ్గర ఒక హుండీ. దాని మీద 'మూగజీవాల వైద్యనిధి' అని ఎర్రక్షరాలు. తాళంచెవి ట్రస్టు పెద్ద బాలకృష్ణ దగ్గర ఉండేది. ఆయనది స్టీలుసామాన్ల దుకాణం. మనిషి చెడ్డవాడు కాదు. గడ్డికైతే ఎవరైనా ఇస్తారు, సూదిమందుకు ఎవరూ ఇవ్వరని తొందరగానే గ్రహించి ఒక పద్ధతి పెట్టాడు. ఏ పశువుకు ఎవరు వైద్యం చేయిస్తే వాళ్ల పేరు ఆ పశువు తల మీద బోర్డుకెక్కుతుంది. 'వైద్యదాత ఫలానా' అని. డాక్టరు చీటీలో పశువు రోగం పేరు ఉండాలి, అప్పుడే నిధిలోంచి డబ్బు కదులుతుంది. విరిగిన కాలికి దాతలు దొరికేవాళ్లు. చీముపట్టిన పుండుకు దొరికేవాళ్లు కాదు. పుండు ఫొటోలో బాగుండదు.

గౌరి అనే ఆవుకు వైద్యదాత స్వయంగా బాలకృష్ణే. లారీ మీంచి పడి తుంటి విరిగిన దాన్ని బతికించాడు. అది కుంటుతూనే ఈనింది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే చెంబెడు గౌరి పచ్చిపాలు ఆయన ఇంటికి పోవాలి. ముందు అభిషేకం, ఆపైన ఇంటిల్లిపాదికీ తీర్థం.

మే నెలాఖర్లో గౌరి మేత ముట్టలేదు. నోటినుంచి తీగలుతీగలుగా చొంగ. బొంగురుపోయిన గొంతుతో ఒకటే అరుపు. పూలి కొట్టం వెనక మామిడిచెట్టు వైపు చూసింది. రాలినకాయలు కనబడ్డాయి. ఇంకేం ఆలోచించలేదు.

"టెంకనే. అన్నా, నోరు తెరిచి పట్టు."

"పట్టిన. జల్దీ తియ్ చెల్లె, దీని చొంగతోటే నాకు తానమైతాంది."

పూలి చెయ్యి లోపలికి పోయింది. వేళ్లకు మెత్తటి గొంతు తగిలింది తప్ప టెంక తగల్లేదు. మర్నాడు ఇంకొంచెం లోతుగా పెట్టింది. సాయంత్రం మళ్లీ పెట్టింది. ఆవు పళ్లు మణికట్టును గీరుకున్నాయి. గడ్డికోసే చేతికి కొడవలి గాట్లు ఎప్పుడూ ఉండేవే, వాటి పక్కన ఇవీ చేరాయి. ఉత్త చెయ్యి చూసుకొని సిగ్గుపడింది కానీ భయపడలేదు.

మూడోరోజు పశువుల డాక్టరు రవీందర్ స్కూటర్ మీద వచ్చాడు. మామూలుగా ఆయన కొట్టంలోకి వస్తూనే కనబడ్డ ప్రతి ఆవు వీపూ చరుస్తాడు. ఆరోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గౌరిని చూశాడు, తర్వాత పూలి చేతిని చూశాడు.

"చెయ్యి పెట్టినవా?"

"పెట్టిన సారూ, మూడుసార్లు. ఏం దొరకలే."

"ఒట్టి చెయ్యేనా?"

"పూలమ్మకు ఇంకో చెయ్యి ఏడున్నది సారూ?" అని ముసలయ్య నవ్వాడు. డాక్టరు నవ్వలేదు.

"ఈ రెండు నెలల్ల ఇటు కుక్క ఏమన్న వచ్చిందా?"

వచ్చింది. శ్రీరామనవమి రద్దీలో, ఎంగిలి విస్తళ్ల కోసం ఊరకుక్కలన్నీ రోడ్డెక్కిన రోజుల్లో ఒక ఎర్రకుక్క తోక కాళ్లసందున పెట్టుకొని కొట్టంలోకి దూరింది. పూలే కట్టెతో తరిమింది. మర్నాడు గౌరి మూతి మీద చిన్న గాటు చూసి పసుపు పెట్టింది. ఎవరికీ చెప్పలేదు. అంత చిన్న గాటుకు చీటీ ఎవరు రాస్తారు, దాత ఎవరొస్తారు?

"గొంతుల ఏం లేదు పూలీ. ఇది పిచ్చికుక్క రోగం. గొంతు పడిపోయింది, మింగలేకపోతాంది. అందుకే గట్ల చొంగ. చూస్తే ఎవరికైనా టెంక లెక్కనే అనిపిస్తది." ఆయన గొంతు తగ్గించాడు. "ఇద్దరూ సబ్బు పెట్టి చేతులు కడుక్కోండ్రి, పావుగంటసేపు. ఇయ్యాల్నే సూదులు మొదలుపెట్టాలె. రోగం పైకొచ్చినంక ఇగ మందులేదు."

పూలి కుళాయి కింద కూర్చొని కడుక్కుంటూనే ఉంది. ముసలయ్య పక్కన కూర్చున్నాడు. ఇంక నవ్వడంలేదు.

ఆ రోగం పేరు చదువుకున్నవాళ్లకు పేరే కావచ్చు. పూలికి మాత్రం అది ఒక మనిషి. ఆమె చిన్నప్పుడు తండాలో హాతీరాం అనే ఆయన్ని కుక్క కరిచింది. నెలన్నరకు ఆయన్ని గుడిసెలో పెట్టి బయట గొళ్లెం వేశారు. ఎనిమిదేళ్ల పూలి తడికసందులోంచి చూసింది. పట్టపగలు, ఎండ నిట్టనిలువుగా ఉంది. ఎవరో చెంబుతో నీళ్లు అందించారు. దాహంతో నాలుక పిడచగట్టినవాడు నీళ్లను చూసి గోడకు కరుచుకుపోయాడు. గొంతు తాడులా మెలిపడింది. ఆ గొంతే ఆమెకు గుర్తుండిపోయింది.

పూలి, ముసలయ్య దగ్గర్లోని సర్కారు దవాఖానాకు పోయారు. ఆపాటికి అక్కడ లైనుంది.

"కుక్క కరిచిందా?" అన్నాడు కౌంటర్ మనిషి తలెత్తకుండా.

"కుక్క కాదు సారూ, ఆవు."

"ఆవు కరిచిందా?"

వెనక లైన్లో ఎవరో కిసుక్కుమన్నారు. "కరవలే. నేనే దాని నోట్ల చెయ్యి పెట్టిన" అంది పూలి. చెప్పేటప్పుడు ఆమెకే అది తెలివితక్కువగా వినబడింది. పెట్టినా పెట్టకపోయినా ఒకటే, బొడ్డుచుట్టూ పొడిచే సూదిమందు అయిపోయింది, వారం ఆగి రమ్మన్నారు. బయట మెడికల్ షాపులో ఉంది. చేతికి వేసేది, ఇరవై ఎనిమిది రోజుల్లో అయిదు సూదులు, ఒక్కోటి మూడొందల పైచిలుకు. పూలి నెలజీతం పన్నెండొందలు. ఆమె భర్త తుల్సీరాంకు ఎండాకాలంలో కూలి దొరికితే దొరికినట్టు.

మర్నాడు పొద్దున గౌరి చచ్చిపోయింది. లోతుగా గుంత తీయించి, సున్నం చల్లించి పూడ్పించాడు డాక్టరు. దూడకూ మిగిలిన పశువులకూ వేయాల్సిన టీకాలు రాసి, పూలి, ముసలయ్యల సంగతి కూడా అదే చీటీలో రాసిచ్చాడు. ఇద్దరూ ఆ చీటీ పట్టుకొని స్టీలుసామాన్ల దుకాణానికి పోయారు.

బాలకృష్ణ చీటీ చదివి, నాలుగు మడతలు పెట్టాడు.

"రేబిస్ అని ఎందుకు రాయించిండ్రు? ఈ ముచ్చట బయటికిపోతే గోశాలల అడుగుపెట్టేదెవరు? ఎండదెబ్బ తాకి పోయింది. గట్లనే అందాం."

"ఏమన్న అనుండ్రి సారూ. మా ఇద్దరికి సూదులు..."

"పూలీ, అవి గోవుల పైసలు. మూగజీవాలకని ఇచ్చిండ్రు. రేపు మనుషులకు పెట్టిన్రని దాతలు అడిగితే ఏం చెప్పాలె? నా జేబుల నుంచి అయిదొందలిస్త, తీస్కో."

"అయిదొందలకు ఒకటిన్నర సూది వస్తది సేటూ" అన్నాడు ముసలయ్య. "ఒకటి ఆమెకు, సగం నాకు. నోరు పట్టుకున్నోణ్నే గదా, సగం సరిపోతది."

మూగజీవాల మీద దయ గొప్పదే. వాటికి నోరు లేదు కాబట్టి ఎవరు పుణ్యాత్ములో అవి చెప్పలేవు. ఆ దయకు ఉన్న సౌకర్యం అదే.

దుకాణంలో పనిచేసే దుర్గ ఇద్దరికీ గ్లాసుల్లో నీళ్లు తెచ్చింది. ఎండనపడి వచ్చారు కదా అని. పూలి గ్లాసు అందుకోలేదు. చుట్టూ మెరిసే బిందెలన్నిటిలోనూ తన మొహమే. ఆ నీళ్లను చూస్తుంటే గొంతులో ఏదో అడ్డంపడ్డట్టనిపించింది. నాలుగురోజులకే రోగం రాదని డాక్టరు చెప్పాడు. చెప్పింది చెవికి ఎక్కింది, గొంతుకు ఎక్కలేదు. కళ్లు మూసుకొని గ్లాసెత్తి గటగటా తాగింది. దిగాయి. ఇవ్వాళ్టికి దిగాయి.

గడప దాటబోయి ఆగింది.

"సారూ, గౌరి పాలు మొన్నటిదాంక మీ ఇంటికే వచ్చినయ్. మీరు కాచుకొనే తాగిండ్రా?"

బెదిరించడం పూలికి చేతకాదు. తనను పట్టుకున్న భయం ఇంకొకరి ఇంట్లో కూడా ఉందేమోనని గుర్తొచ్చింది, అడిగింది, అంతే. బాలకృష్ణ చేతిలో నాలుగు మడతల చీటీ విప్పి మళ్లీ చదివాడు. ఈసారి పెదవులు కదుపుతూ, మెల్లగా. తర్వాత డాక్టరుకు ఫోను కలిపాడు.

"తీర్థమండీ... అవ్, పచ్చివే... తీర్థం ఎవరన్న కాస్తరా డాక్టర్ సాబ్?... పిల్లలు గూడ తాగిండ్రు... గ్యారంటీ ఇయ్యలేనంటే ఏంది?"

ఫోను పెట్టేసరికి ఆయన గొంతు కూడా మింగుడుపడనట్టు కదులుతోంది.

ఆ సాయంత్రమే ఖమ్మం నుంచి ఐసుపెట్టెలో మందు వచ్చింది. ఆయన ఇంట్లో ఆరుగురికి, పూలికి, ముసలయ్యకు. వాళ్లిద్దరినీ వదిలేసి తన ఇంటివాళ్లకే వేయించుకునే ధైర్యం ఆయనకు లేకపోయింది. అందరినీ ఒకే బల్ల మీద వరసగా కూర్చోబెట్టి ఒక ప్రైవేటు డాక్టరు సూదులు వేశాడు. ఖర్చు వైద్యనిధిలోనే పడింది. పుస్తకంలో 'గౌరి చికిత్స' అని రాశారు. చచ్చిపోయిన ఆవుకు ఇరవై ఎనిమిది రోజులపాటు వైద్యం జరిగిందన్నమాట. మిగిలిన పశువుల టీకాలకు కూడా ఎవరూ అడ్డుచెప్పలేదు, నిధి కదిలింది.

సూది పడ్డంతమాత్రాన భయం పోలేదు. ఇంట్లో పూలి తన చెంబు, తన పళ్లెం వేరే పెట్టుకుంది. "నాకు గట్లయితే పిల్లల్ని మీ అక్క ఇంటికి పంపు. బయట గొళ్లెం పెట్టు" అని తుల్సీరాంతో చెప్పింది. "పిచ్చిదానా" అనబోయి, ఆ మాట సగంలోనే మింగేశాడాయన. రోజూ పొద్దున్నే ఆమె గోశాలకు పోయి ఒక్కో పశువు ముందూ బకెట్ పెట్టి, అది తాగేదాకా నిలబడేది. నలభై మూతులు. ఆఖరున తన చెంబు. తాగిన తర్వాతే గడ్డి కొడవలి ముట్టేది.

అయిదో సూది పడిన మూడోనాడు, తొలివానలు పడి దుక్కులు మొదలైన పొద్దున, తండా నుంచి కోటేష్ ఎద్దును నడిపించుకొని వచ్చాడు. నోట్లోంచి తీగలుతీగలుగా చొంగ. పూలి చూసింది. కొట్టం స్తంభం పట్టుకొని నిలబడిపోయింది.

"అక్కా, టెంక పడ్డది. చెయ్యి పెట్టు. దుక్కికి నాకున్నది ఒక్కటే జోడు."

"డాక్టర్ సారు రానియ్."

"పెనుబల్లి దిక్కు పోయిండట, మధ్యాహ్నం గాని రాడు. కడుపు చూడక్కా, ఉబ్బుతాంది."

"కుక్క ఏమన్న కరిచిందా దీన్ని?"

"లేదు."

"నీకు తెల్వకుండ?"

కోటేష్ ఎద్దు మూతి, కాళ్లు వెతికి చూశాడు. నిజమే, తనకు తెలియకుండా అంటే ఎవరు చెప్పగలరు? పూలికైతే గాటు చూసి కూడా తెలియలేదు.

ఎద్దు ఎడమడొక్క డప్పులా బిగుసుకుపోయి ఉంది. గౌరికి ఇలా ఉబ్బలేదు. పూలి ముందుకొచ్చింది. ముప్పై ఏళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. నోటి జోలికి పోకుండా, మెడను బయటినుంచి, దవడ కిందినుంచి మెల్లగా తడుముకుంటూ వచ్చింది. మెడకు ఎడమపక్క, దవడకు జానెడు కింద, వేళ్లకు గట్టిగా తగిలింది. నొక్కితే కదిలింది.

గౌరి మెడ మీద ఇలా ఒక్కసారి తడిమి ఉంటే!

డాక్టరు ఇచ్చిపోయిన ప్లాస్టిక్ తొడుగు ఉంది, భుజందాకా వచ్చేది. ముసలయ్య తెచ్చి తొడిగాడు, నోరు తెరిచి పట్టాడు. ఆయన కళ్లు ఎద్దు మీద లేవు, పూలి మీదే ఉన్నాయి. చెయ్యి లోపలికి పోయింది, టెంక అందింది. ప్లాస్టిక్ మీద చొంగ, జారిపోయింది. మళ్లీ పట్టింది, మళ్లీ జారింది. ఎద్దు ముందుకాళ్లు మడుస్తోంది. పూలి చెయ్యి బయటికి తీసి తొడుగును చూసింది. చేతి మీద కొడవలి గాట్లు అలాగే ఉన్నాయి.

"వద్దు చెల్లె" అన్నాడు ముసలయ్య.

"నోరు గట్టిగ పట్టు."

తొడుగు లాగేసింది. ఒట్టి చెయ్యి మోచేతిదాకా దూరింది. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. హాతీరాం గొంతు కనబడింది, అయినా వేళ్లు వదల్లేదు. చెయ్యి బయటికి వచ్చేసరికి గుప్పిట్లో పీచుపట్టిన టెంక ఉంది. ఎద్దు పెద్దగా తేన్చింది. కోటేష్ ఏడుస్తూ నవ్వుతూ ఆమె కాళ్ల మీద పడబోయాడు.

"కాళ్లు తర్వాత మొక్కుదువుగాని" అంది పూలి, కుళాయి కింద సబ్బు రుద్దుకుంటూ. "ముందుగాల నీళ్లు పెట్టు దానికి."

కోటేష్ బకెట్ పెట్టాడు. ఎద్దు వాసన చూసి తల తిప్పుకుంది. పూలి రుద్దడం ఆపింది. కాసేపటికి ఎద్దు మూతి దించింది, నీళ్లు తాగడం మొదలుపెట్టింది. బకెట్ అడుగు కనబడేదాకా ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. అప్పుడు పూలి చెంబు ముంచుకుంది.