గుట్ట మీద టెస్టు బల్బు

ఇది ఒక మహాయుద్ధగాథ. ఇందులో భయంకరుడైన శత్రువు ఉన్నాడు, శిఖరం ఉంది, నలుగురు వీరులున్నారు, ఏడు మైళ్ల అవతల ఎదురుచూసే ఇల్లాలు ఉంది.

శత్రువు ఎర్రదుమ్ము. శిఖరం మేకలు రోజూ ఎక్కి దిగే గుట్ట. నలుగురు వీరుల్లో ఒకడు వంటవాడు. ఇల్లాలు మాత్రం నిజం.

అరవయ్యొకటో సంవత్సరం మార్చిలో, సాయంత్రం నాలుగింటికి మా లారీ ఆ గుట్ట కింద ఆగింది. సైన్యంలో చేరితే హిమాలయాలు చూపిస్తారనుకున్నాను. చూపించింది పామిడికి పడమర ఒక బోడిగుట్ట. మా ఊరు అక్కడికి ఏడు మైళ్లు. దేశమంతా తిప్పి నన్ను మా పొరుగుకే పంపారు.

ఎండాకాలం విన్యాసాలు జరుగుతున్నాయి. వైర్‌లెస్ మాటలను ఇటునుంచి అటు అందించడం మా పని. ఉత్తరాది హవల్దారు, తమిళ ఆపరేటరు, వంటవాడు, జనరేటరు చూసుకునే నేను. సామాను: రెండు గుడారాలు, ముప్పై అడుగుల ఏరియల్ స్తంభం, నాలుగు బ్యాటరీలు, ఒక జనరేటరు. నీడ లేదు. మధ్యాహ్నం రెంచి పట్టుకోవాలంటే తడిగుడ్డ కావాలి.

అప్పటికి నాకు పెళ్లై ఇరవై రెండు రోజులు. నా భార్య సుంకమ్మ మా ఊళ్లో, మా ఇంట్లో ఉంది. గుట్ట దిగకూడదని ఉత్తర్వు. సెలవుకు అర్జీ పెట్టాను. అందులో 'ప్రయాణానికి పట్టే రోజులు' అని ఒక గడి ఉంది. నిజాయితీగా రెండున్నర గంటలు అని రాశాను. రోజుల్లో రాయమని తిప్పి పంపారు. సున్నా అని రాశాను. సున్నా రోజుల ప్రయాణానికి సెలవు వర్తించదని మళ్లీ తిప్పి పంపారు.

గుట్ట ఎక్కడానికి అనుమతి ఉన్న బయటి మనిషి ఒక్కడే, నీళ్ల బండి ఓబులప్ప. మా ఊరివాడు, వరసకు మామ. పొద్దున ఏడింటికి బండిని కింద విడిచి, కావడితో నీళ్లు పైకి మోసేవాడు. అతనితో సుంకమ్మకు కబురు పంపాను. రోజూ సాయంత్రం ఆరున్నరకు జనరేటరు వేసి స్తంభం మీద బల్బు వెలిగిస్తాను, మిద్దె ఎక్కి పడమటికి చూడమన్నాను. వెలిగితే నేనిక్కడే ఉన్నట్టు. వెలగకపోతే సరిహద్దుకు పంపేసినట్టు.

"అంత దూరం కనపడతాదా అప్పా?" అన్నాడు ఓబులప్ప.

"మన ఊరి గుట్ట ఈడికి కనపడతాండాది కదా మామా. ఇది ఆడికి కనపడదా?"

లెక్క సరిగ్గానే ఉందనిపించింది.

కరెంటు వస్తోందో లేదో చూసే టెస్టు బల్బు మిషను పక్కనే ఉండాలి కదా అని హవల్దారు అడిగాడు. కింద గాలి ఎక్కువ, పైన భద్రమన్నాను. పైన గాలి ఇంకా ఎక్కువన్నాడు. కానీ తీయించలేదు. ఆయన భార్య రైల్లో మూడు రోజుల దూరంలో ఉండేది.

ఇక జనరేటరు సంగతి. ఇంజను ఇరుసును తిప్పుతుంది. ఇరుసు మీద రాగితీగ చుట్టలుంటాయి. వాటికి అటూ ఇటూ కదలని ఇనుప దిమ్మెలు, అవే అయస్కాంతాలు. అయస్కాంతం ఎదుట తీగ తిరిగినంతసేపు అందులో కరెంటు పుడుతుంది. ఆగితే లేదు. ఆ కరెంటును బయటికి తేవడానికి ఇరుసు చివర రాగి పలకల కట్టు, దాన్ని రాసుకుంటూ రెండు బొగ్గు ముక్కలు. వాటిని బ్రష్షులంటారు, వాటితో ఏమీ తోమలేం.

చిక్కంతా దిమ్మెల్లో ఉంది. వాటికి చుట్టిన తీగలో కరెంటు పారితేనే అవి గట్టి అయస్కాంతాలవుతాయి. ఆ కరెంటు ఇవ్వాల్సింది ఈ మిషనే. మరి మొదటి చుక్క ఎక్కడిది? నిన్న పనిచేసినప్పటి అయస్కాంతబలం ఇనుములో పిసరంత మిగిలి ఉంటుంది. దానితో చిటికెడు కరెంటు, ఆ కరెంటుతో ఇంకాస్త బలం. అలా అందుకుంటుంది. ఇది కవిత్వంలా ఉందని నాకూ తెలుసు. మాన్యువల్‌లో నాలుగో పేజీ.

యాభై ఏడు సాయంత్రాలు ఆరున్నరకు బల్బు వెలిగింది. మర్నాడు పొద్దున ఓబులప్ప కావడి దించుతూ "చూసిందంట" అనేవాడు. ఆ ఒక్క మాటతో నాకు సాయంత్రం దాకా సరిపోయేది.

యాభై ఎనిమిదో రోజు మధ్యాహ్నం రెండింటికి దుమ్ముగాలి లేచింది. గుడారం ఒకటి పడింది. బ్రష్షుల నిండా దుమ్ము. ఐదింటికి మిషను విప్పి, తుడిచి, మళ్లీ బిగించాను. బిగించేటప్పుడు నా బుర్ర అక్కడ లేదు, ఏడు మైళ్ల దూరంలో ఉంది. రెండు తీగలు తారుమారు చేశాను.

ఆరు ఇరవై ఐదుకు ఇంజను వేశాను. హాయిగా తిరిగింది. మీటరు ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంది. తప్పు కనుక్కుని తీగలు సరిచేశాను. మళ్లీ సున్నా. ఎదురు పారిన కరెంటు దిమ్మెల్లో మిగిలిన ఆ పిసరును కూడా చెరిపేసింది. ఇనుము అంతా మరిచిపోయింది.

దీనికి ఒకటే మందు. దిమ్మెల తీగకు బ్యాటరీ నుంచి కాసేపు కరెంటు పెట్టాలి. నిండుగా ఉన్న బ్యాటరీ ఒక్కటే ఉంది, అది ఏడింటి వైర్‌లెస్ పిలుపుకు. అదీ పోతే హవల్దారు సంజాయిషీ రాసుకోవాలి.

"బ్యాటరీని నింపడానికి జనరేటరు. జనరేటరును లేపడానికి బ్యాటరీ," అన్నాడాయన హిందీలో. "మన ఆఫీసు కూడా ఇలాగే నడుస్తుంది." ఒకసారి స్తంభం పైకి చూశాడు. "మూడు సెకన్లు. నాలుగోది నీ జీతంలోంచి."

తీగలు తాకించాను. నిప్పురవ్వ లేచింది. మూడు లెక్కపెట్టి, తీగలు తీసి ఇంజను వేశాను. ముల్లు వణికింది, లేచింది. ఆరు యాభై రెండుకు బల్బు వెలిగింది. ఏడింటికి ఆపరేటరు గొంతు వినిపించింది. "ఇక్కడ అంతా క్షేమం. ఓవర్."

క్షేమమే. కానీ ఇరవై రెండు నిమిషాలు. ఆ ఇరవై రెండు నిమిషాలు మిద్దె మీద సుంకమ్మ ఏమనుకుని ఉంటుంది? పొద్దున ఓబులప్ప ఎప్పటిలాగే "చూసిందంట" అన్నాడు. జరిగింది చెబితే, "ఆవుకు పాలు తాపి పాలు పిండినట్టుండాదే అల్లుడా" అని దిగిపోయాడు.

జులైలో స్థావరం ఎత్తేశారు. సెలవు దొరికింది. ప్రయాణపు గడిలో ఆఫీసువాళ్లే రెండు రోజులని నింపారు. నేను రెండున్నర గంటలు నడిచి ఇల్లు చేరాను. కాళ్లకు నీళ్లిస్తుంటేనే అడిగేశాను.

"దుమ్ముగాలి దినం దీపం ఆలస్యమాయె కదా. భయపడినావా?"

"ఆలస్యమా? ఏ దినమూ కాలేదే. పొద్దు మునగతానే వచ్చేది. ఎర్రగా భలే ఉండేది."

నా బల్బు ఎర్రది కాదు.

చీకటి పడే వేళ నన్ను మిద్దె ఎక్కించి చూపించింది. ఊరి గుట్ట మొదట్లో రైల్వే గేటు. గేటుకు వేలాడే ఎర్ర అద్దాల కిరసనాయిలు లాంతరు. దాని వెనక ఊరి గుట్ట నిటారుగా నిలబడి, నేను నాలుగు నెలలున్న గుట్టను పూర్తిగా కప్పేసింది. అక్కడినుంచి నేను రోజూ చూసింది ఈ గుట్ట వీపును.

"నువ్వు ఈడికొచ్చినావు. మరి అది ఇంకా ఎలుగుతాండాదే?" అంది.

"నా బదులు ఇంకొకడు వచ్చినాడు."

ఆమె ఆ ఎర్ర చుక్కను కాసేపు చూసింది. "పాపం. వానికీ పెండ్లయిందా?"

అయిందన్నాను.

సైన్యం వదిలి మూడేళ్లయింది. ఆ గుట్ట, ఆ బల్బు గుర్తు తెచ్చుకుంటే గాని రావు. పిలవకుండా వచ్చేది ఒక్కటే. మిద్దె పడమటి మూలలో, కప్పు మీద పరిచిన చౌడుమట్టిలో, ఒక మనిషి రోజూ ఒకేచోట కూర్చుంటే పడే గుంట. నునుపుగా, చేత్తో అలికినట్టు ఉంటుంది.

వాన పడితే అక్కడ నీళ్లు నిలిచి మిద్దె కారుతుంది. ఏటా రెండు గంపల చౌడు పోయాలి.