తీసేస్తే మళ్లీ పెట్టారు

పద్మారావు నగర్‌లో కర్రీ పాయింట్ నడిపే కల్పలతకు నోరు ఎక్కువని పేరు. కాలనీ ఫేస్‌బుక్ గ్రూపులో మాత్రం ఆమె ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. నీళ్లెప్పుడొస్తాయో చూసుకుని ఫోను పక్కన పడేసేది.

పార్కులో పొద్దున్నే వ్యాయామం చేసే ఆడవాళ్లను కొందరు దొంగచాటుగా వీడియోలు తీస్తున్నారు. అలాంటి వీడియో ఒకటి పక్కింటి నవత భర్త ఫోనుకే వచ్చింది. నవత పార్కుకు రావడం మానేసింది. అది విన్న కల్పలత ఊరుకోలేక మొదటిసారి గ్రూపులో రాసింది: "పార్కుల ఆడోళ్ల వీడియోలు తీస్తున్నరు. ఆపకుంటే పోలీస్ కంప్లెయింట్ ఇస్తం."

తిట్టు లేదు, ఎవరి పేరూ లేదు. అయినా కాసేపటికే పోస్టు మాయమైంది. 'వివాదాస్పద పోస్టులకు అనుమతి లేదు' అని మెసేజ్ వచ్చింది. కల్పలత నేరుగా గ్రూప్ అడ్మిన్ విజయేందర్ ఇంటికి వెళ్లింది.

"నా పోస్టు ఎందుకు తీసేసినవ్ అన్నా?"

"కాలనీ ఇజ్జత్ పోతది కదమ్మా."

"వీడియోలు తీస్తే పోని ఇజ్జత్ నేను రాస్తే పోయిందా? మొన్న నవత గ్రూపుల పెట్టిన ఫొటో కింద ఎవడో రాసిన పాడు మాటలు ఇంక గట్లనే ఉన్నయి. గది వివాదం కాదా?"

విజయేందర్ చెడ్డవాడు కాదు. గొడవంటే భయం, అంతే. ఇంట్లోకి పోయి ఆమెను గ్రూపులో రాయకుండా ఆపేశాడు.

విషయం తెలిసి, రాజమండ్రి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ వీరరాఘవమ్మ దుకాణానికి వచ్చింది. "మన ఆడవాళ్లకి వేరే గ్రూపు పెట్టుకుందామే కల్పలతా. హాయిగా మాట్లాడుకోవచ్చు."

"మనల మనకు తెల్వని ముచ్చటేముంది పిన్నిగారూ? వాళ్లు చదివే కాడనే రాయాలె."

వీరరాఘవమ్మ తన ఫోను తీసింది. కళ్లజోడు పెట్టుకుని, కల్పలత మాటల్నే అక్షరం పొల్లుపోకుండా తన పేరుతో పెట్టింది. విజయేందర్ తీసేశాడు. వెంటనే ఇంకొకామె పెట్టింది. అదీ తీసేశాడు. ఈసారి ముగ్గురు పెట్టారు. మధ్యాహ్నానికి ఆయన వేళ్లు నొప్పి పుట్టాయి. చివరికి వచ్చిన పోస్టు మీద పేరు చూసి ఉలిక్కిపడ్డాడు. అది ఆయన భార్య రజితది.

"నువ్వు సుతనా?" అంటూ వంటింట్లోకి పోయాడు.

"నేను సుత గా పార్కులనే నడుస్త," అంది రజిత, కూర కలుపుతూనే.

ఆ పోస్టును ఆయన తీయలేదు.

ఆదివారం పార్కులోనే అందరూ కూర్చుని కొత్త నియమాలు రాసుకున్నారు. ఏ పోస్టు తీసినా కారణం అందరికీ కనబడేలా చెప్పాలి. బూతు ఎవరు రాసినా నిలవకూడదు. విజయేందర్‌తో పాటు ఇద్దరు ఆడవాళ్లు అడ్మిన్లుగా ఉండాలి. కల్పలత, రజిత ఆ బాధ్యత తీసుకున్నారు. నవత భర్త ఫోనుకు వీడియో ఎవరు పంపారో ఆరా తీస్తే, తీసిన ముగ్గురూ దొరికారు. వాళ్లలో ఇద్దరు గ్రూపులోనే క్షమాపణ రాశారు. మూడోవాడి సంగతి పోలీసులు చూసుకున్నారు.

ఆ వారమే ఒకామె, ఆడవాళ్ల పోస్టులు తీసేసినందుకు విజయేందర్‌ను బండబూతులు తిడుతూ పోస్టు పెట్టింది. కల్పలత కారణం రాసి మరీ తీసేసింది. పోస్టు పెట్టినామె ఫోను చేసి, "నువ్వు మా దిక్కు కాదా?" అని నిలదీసింది.

"మనకో రూలు, వాళ్లకో రూలైతే కొట్లాడింది దేనికక్కా? తిట్లు తీసి రాయి, నేనే అందరికి కనబడేటట్టు గ్రూపుల పైన పెడుత."

ఆమె మళ్లీ రాసింది, తిట్లు లేకుండా. ఈసారి మాట ఇంకా గట్టిగా తగిలింది. విజయేందర్ దాని కింద, "నాదే తప్పు తల్లీ" అని రాశాడు.

మర్నాడు పొద్దున నవత పార్కు నుంచి తన ఫొటో తనే తీసి పెట్టింది: చెమట పట్టిన ముఖం, నిండా నవ్వు. "రేపు ఎవరెవరు వస్తున్నరు?" అని అడిగింది. కాలనీ ఆడవాళ్లంతా పోటీలు పడి జవాబిచ్చారు.