ఏటా అడిగే ఆఖరి ప్రశ్న

మా చిన్నది ఇద్దరి అన్నం పదిమంది గిన్నెలో వండుతుంది. మా ఆయనా పోయాడు, మా మరిదీ పోయాడు, ఇంట్లో మిగిలింది తోడికోడళ్ళం ఇద్దరం. రెండు ముసలి ప్రాణాలకి అంత గిన్నె ఎందుకే అంటే, "చేతికి అలవాటక్కా" అంటుంది. అలవాటూ లేదు, పాడూ లేదు. దాని తమ్ముడి కోసం.

తల్లి పోతే వాణ్ణి ఇదే పెంచింది. కాపురానికొస్తూ చంకనేసుకొచ్చింది. మంచివాడే, తిండికి మాత్రం భీముడు. ఏ బుద్ధి పుట్టిందో, పనిచేసే గోడౌన్ తాళమే పగలగొట్టి జైల్లో పడ్డాడు. ఇది చూడబోతే, "రావద్దని చెప్పండి" అని లోపల్నించి కబురు. శిక్ష అయిపోయింది, వాడు ఇంటికి రాలేదు. ఉన్నాడో పోయాడో కూడా తెలీదు.

చిన్నదానికి టైపు వచ్చు. కాలేజీలో ఓ మేడమ్ దగ్గర పనికి చేరింది. ఆ మేడమ్ జైలు నుంచి బయటికొచ్చినవాళ్ళ దగ్గరికి మనుషుల్ని పంపించి, ప్రశ్నలడిగించి, వాళ్ళ మాటలు రికార్డు చేయిస్తుంది. ఏడాది తిరిగాక మళ్ళీ వాళ్ళనే అడిగిస్తుంది. అవి చెవుల్లో పెట్టుకుని విని, అన్నది అన్నట్టు టైపు కొట్టడం దీని పని. ఊళ్ళో ఇన్ని ఆఫీసులుండగా అదే ఎందుకు పట్టుకుందో నాకు తెలీదా!

"అంతమందిని అడిగి ఏం తేలుస్తుందే మీ మేడమ్?" అన్నాను ఓ రోజు.

"ఇంటితో బంధం ఉన్నవాడు మళ్ళీ తప్పు చెయ్యడని ఆవిడ ఊహ. అది నిజమో కాదో చూస్తున్నారక్కా."

"దీనికింత హడావిడెందుకు? నన్నడిగితే వక్క కొరికేలోపు చెప్పేదాన్నిగా."

"నిన్నొక్కదాన్నే అడిగితే అది నీ నోటి దురుసు. వందలమందిని, అందర్నీ ఒకే మాటతో అడిగితే అప్పుడు నమ్ముతారు."

చూశారా, ఎంత పొగరో!

అక్కడో నియమం ఉందట. రికార్డులో పేరు ఉండదు, నంబరే. నోరువిప్పినవాడి గుట్టు బయటికి రాదని ముందే మాటిస్తారట. తెలిసిన గొంతు వినబడితే వెంటనే చెప్పెయ్యాలి, ఇంక ఆ మనిషి రికార్డులు వేరేవాళ్ళకిస్తారు.

ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూర్చుండిపోయింది.

"వాడి గొంతు విన్నానక్కా."

నేనూ వచ్చి పక్కన కూర్చున్నాను. "ఏమన్నాడే?"

"చెప్పకూడదు."

"నా దగ్గరా నీ నియమాలు? చెప్పవే, చంపుతాను!"

ఆఖరికి ఒక్కటే చెప్పింది. ఇంటికెందుకు వెళ్ళలేదని అడిగారట. వాడు నవ్వి, "మా అక్క ఇప్పటికీ ఆ పెద్ద గిన్నెలోనే వండుతూ ఉంటుందండీ. దాని ముందు కూర్చునే మొహం నాకు లేదు" అన్నాడట.

వెధవ! ఆ గిన్నె తీసుకుని వాడి నెత్తిన మొత్తాలనిపించింది. నా కళ్ళల్లో నీళ్ళెందుకొచ్చాయో మరి.

"అయితే అడ్రసు కనుక్కో. ఇప్పుడే పద."

"కనుక్కోకూడదు. నేను మేడమ్‌కి చెప్పేశాను. ఇక వాడి గొంతు నా దగ్గరికి రాదు."

"నీకు మతి పోయిందా? ఇన్నాళ్ళూ దేనికోసం వెతికావే, పిచ్చిదానా?"

"ఎవరికీ చెప్పం అని మాటిచ్చారు కాబట్టే వాడు నోరు విప్పాడక్కా. ఆ మాట తప్పి నేను వాడి గుమ్మంలో నిలబడితే, ఇంకో ఊరికి పారిపోతాడు."

పోదామని వేసుకున్న చెప్పులు మళ్ళీ విప్పేశాను.

మర్నాడు ఇది మేడమ్‌ని ఒకటడిగిందట. "మీ అక్క ఎదురుచూస్తోంది, వెళ్ళకూడదా అని అడిగించండమ్మా" అని. ఆవిడ కోప్పడలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "జవాబు మనమే నోట్లో పెట్టి అడగకూడదు. ఒక్కడికే వేరే ప్రశ్నా పెట్టకూడదు. అందరికీ పనికొచ్చేలా, వద్దనడానికీ వీలుండేలా నువ్వే ఓ మాట చూడు" అందట.

ఇది వారం రోజులు నిద్రపోలేదు. గిన్నె తోముతూ గొణుక్కునేది, నా మీద ప్రయోగించేది. "ఇలా అడిగితే నువ్వేమంటావక్కా?" నేను తిట్టేదాన్ని, అది మాట మార్చేది. ఆఖరికి తేల్చింది. మేడమ్ చూసింది, ఆవిడ పైవాళ్ళు చూశారు, సరేనన్నారు. అప్పట్నుంచీ అందర్నీ చివర్లో అదే అడుగుతున్నారు: "మీ క్షేమం ఎవరికైనా చెప్పమంటారా?"

ఎవరైనా ఊఁ అంటే ఆ కబురు మేడమే అందిస్తుంది. పోయినేడు ఓ ముసలి తల్లికి అలాగే అందిందట. ఆ ప్రశ్న ఇదే రాసిందని తెలిసి, ఆవిడ ఆఫీసుకొచ్చి దీన్ని పట్టుకుని ఏడ్చింది. ఇదీ ఏడ్చింది, ఆవిడ కోసమే అనుకుందామా?

ఏటా ఆ అడగడాలు అయిపోయే రోజుల్లో చిన్నదానికి అన్నం దిగదు. మేడమ్ దీని బల్ల పక్కనుంచి వెళ్తుంటే తల ఎత్తి చూస్తుందట. ఆవిడ ఏమీ అనదు. వాడు వద్దన్నాడో, అసలు దొరకలేదో, అదీ చెప్పకూడదు.

మొన్న కూడా అంతే, ఉత్తచేతులతో వచ్చింది. నాకు ఒళ్ళు మండింది. "ఏం సాధించావే? ఇంకో ఏడాది పోయింది!"

చిన్నది బియ్యం కడుగుతోంది, ఆ గిన్నెలోనే.

"ఏటా ఒకసారి వాడి చెవిన నా మాట పడుతుంది కదక్కా. అడిగింది నేనని వాడికి తెలీకపోతే మాత్రమేం?"

ఇంకో గుప్పెడు బియ్యం పొయ్యమన్నాను.