మూల కత్తిరించిన కార్డు

డెబ్బైల చివర్లో కంప్యూటర్‌కు ఏం చెప్పాలన్నా అట్టకార్డుల మీద రంధ్రాలు పొడిచి చెప్పేవాళ్లం. హైదరాబాద్‌లో నా ఉద్యోగం అదే.

సెలవుకు ఊరికి పోతుంటే, వరంగల్‌లో పాసింజర్ రైలు ఎక్కినాయన ఒకరు మా పెట్టెలో అందరికీ మీటింగు కాగితాలు పంచాడు. నాకిచ్చింది మూల కత్తిరించి ఉండే మా కంప్యూటర్ కార్డు, వాడేసింది. మీటింగు సంగతి వెనక పెన్నుతో రాసి ఉంది. నేను అలవాటు కొద్దీ దాన్ని తిప్పి, కిటికీ వెలుగుకు పెట్టి రంధ్రాలు చూశాను.

ఆయన ఆగాడు. "నువ్వు గూడ గదే పనా తమ్మీ?"

అవునన్నాను.

"ఆరేండ్లు చేసి ఇడిచిపెట్టిన. మిల్లుల పనిలోంచి తీసేసేటోళ్ల పేర్ల లిస్టు నేనే తీసిన. ఒక్క తప్పు రాలే. ఇప్పుడు ఆళ్లతోనే తిరుగుతాన. ఐతారం మీటింగుకు రా."

"చూస్త అన్నా" అన్నాను. ఆయన నెక్కొండలో దిగిపోయాడు.

ఆదివారం ఊళ్లోనే ఉన్నాను. వెళ్లకూడదని కూడా అనుకోలేదు. అన్నం తిని పడుకున్నాను. రాత్రి బండికి హైదరాబాద్ వచ్చేశాను.

సోమవారం ఆఫీసులో ఏదో పేర్ల జాబితా తీస్తుంటే మిషన్ మధ్యలో ఆగిపోయింది. చూస్తే, సరిచూడడానికి నాతో ఊరికి తీసుకెళ్లిన కార్డుల కట్టలో ఆయన కార్డు కలిసిపోయి ఉంది. వెనక అక్షరాలు కొంచెం అలుక్కుపోయాయి. దాన్ని తీసి పక్కన పెట్టి, మిగతావి మళ్లీ పెట్టాను.

ఆ పేర్లు ఎవరివో నేను అడగలేదు. సాయంత్రానికల్లా జాబితా వచ్చేసింది. ఒక్క తప్పు రాలేదు.