కరిగెట్లో ఎర్రకాళ్లు

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమం చల్లబడిన మరుసటి ఏడు కనకలక్ష్మి మరిపెడ దగ్గరి ఒక పల్లెకు కోడలై వచ్చింది. ఈమె నోరు విప్పితే పాటో నవ్వో తప్ప ఇంకొకటి రాదని అత్త మురిసేది. కానీ ఆ వానాకాలం నాట్లు మొదలయ్యేసరికి మగడు ఐలయ్య నవ్వడం మానేశాడు. పొద్దంతా నాగలి వెంట, నాటుకు నీళ్లు పెట్టి దున్నే కరిగెట బురదలో తిరిగి అతని కాలివేళ్ల సందులు నాని పాసిపోయాయి. ఒకటే దురద. దవాఖానలో ఇచ్చిన మలాము మంచిదే గానీ, బురదలో దిగగానే కొట్టుకుపోయేది.

నాట్లేసే ఆడవాళ్లు నిలబడేదీ ఆ బురదలోనే. ఒకరోజు కాళ్లు కడుక్కునేటప్పుడు కనకలక్ష్మి అందరి వేళ్లూ చూసింది. మైదాకు, అదే గోరింటాకు, పెట్టుకున్నవాళ్ల వేళ్లు పాసిపోలేదు.

ఆ సాయంత్రం మైదాకు నూరి, కాస్త పసుపు కలిపి మగని ముందు కూర్చుంది.

"కాలు చాపు."

"గిదేంది? నేనేమన్న పెండ్లిపిల్లనా?"

"సప్పుడు జెయ్యక చాపు."

"ఊరోళ్లు జూస్తే ఇజ్జత్ పోతది."

"బురదల నీ కాళ్లు ఎవలకు కనవడ్తయి?"

అదీ నిజమే అనిపించి చాపాడు.

మర్నాడు అందరికంటే ముందే బురదలో దిగాడు. మధ్యాహ్నం సద్ది తినబోతూ కాలువలో కాళ్లు కడిగితే బురద పోయింది, ఎరుపు పోలేదు.

"ఐలన్నా, మళ్ల లగ్గం జేసుకున్నవా ఏంది?" అంది నాట్లేసే అండాలు.

మడి మడంతా నవ్వింది. కనకలక్ష్మి నోట్లో కొంగు కుక్కుకుంది. ఐలయ్య కాసేపు తల వంచుకుని, ఉండబట్టలేక తనూ పకపకా నవ్వాడు.

కొన్నాళ్లకు పాసినచోట కొత్త చర్మం వచ్చింది. అది చూసిన సోమనర్సయ్య, అండాలు పెనిమిటి, కొట్టం చాటుకొచ్చి నిలబడ్డాడు.

"చెల్లె, నాకు గూడ జర పెట్టరాదు? మా అండాలుకు మాత్రం చెప్పకు."

"లోపల నూరుతున్నది అండాలక్కనే. రా అన్నా."

ఎనభైలు వచ్చేనాటికి నాట్లకు ముందు ఆ ఇంట్లో అది పండుగైపోయింది. పుండు లోతుగా ఉన్నవాళ్లను మాత్రం కనకలక్ష్మి దవాఖానకే తోలేది. మిగతా మగవాళ్లంతా అరుగు మీద వరసగా కాళ్లు చాపుకుని కూర్చునేవారు. మైదాకు ఆరేదాకా లేవరాదు. మంచినీళ్లకైనా ఆడవాళ్లనే బతిమాలాలి. కనకలక్ష్మి చెంబు పట్టుకుని ముందు నిలబడేది.

"ఒక పాట అందుకో. ఆటెన్క నీళ్లు."

గొంతు లేనివాళ్లు కూడా పాడేవారు.