పదకొండో నంబరు బూట్లు

మూడేళ్లుగా అటక మీద పడి ఉన్న పదకొండో నంబరు క్యాన్వాస్ బూట్లను, రాష్ట్ర జట్టుకు ఆడిన వాలీబాల్ ఆటగాడికి, అదీ ఫైనలు రోజు పొద్దున్నే అంటగట్టిన మొనగాడు మా చిలకలూరిపేట బజారు మొత్తంలో ఒకడున్నాడు. అది నేనే. అంత గొప్ప బేరం మా తాత చేయలేదు, మా నాన్న చేయలేదు. మొన్న ఆదివారం మా అమ్మాయి నా సంతకాల బీరువా సర్దుతూ, ఏ వస్తువు మీద ఎవరి సంతకం ఉందో చీటీలు రాసి అంటిస్తోంది. ఒక పాత బూట్ల జత దగ్గరికి వచ్చి ఆగింది. "వీటి మీద సంతకమే లేదు నాన్నా, ఏదో నీలం మరక ఉంది. పారేయనా?" అంది. వద్దన్నాను. ఎందుకని అడిగింది. అన్నం తిన్నాక చెబుతానన్నాను. తిన్నాక నిద్ర నటించాను.

మాది చెప్పుల కొట్టు. తొంభైల చివర్లో, నాకింకా పెళ్లి కానప్పుడు, ఆటగాళ్ల సంతకాలు పోగుచేసే పిచ్చి పట్టుకుంది. అందరూ చేసేదే కదా అనుకోకండి, నాది వేరే రకం. కాగితం మీద సంతకం నాకు ఆనేది కాదు. పుస్తకం చాపితే ఎవరైనా గీకిస్తారు, అందులో మన తెలివేముంది? ఆడేటప్పుడు ఒంటి మీదో చేతిలోనో ఉన్న వస్తువు మీదే పెట్టించాలి, ఆ వస్తువు మన ఇంటికి రావాలి. అలా ఒక కబడ్డీ ఆటగాడి మోకాలి పట్టీ, ఒక బాడ్మింటన్ అమ్మాయి వాడి పడేసిన ఈకలూడిన షటిల్‌కాకు సంపాదించాను. మా నాన్నకు అది ఎంతకీ మింగుడు పడలేదు. "కొట్టు నిండా కొత్త సరుకు పెట్టుకుని ఊళ్లమ్మట పాతవి ఏరుకొస్తావేంట్రా?" అనేవాడు.

ఆ యేడు వేసవిలో అద్దంకి దగ్గర ఒక ఊళ్లో వాలీబాల్ పోటీలు పెట్టారు. మిరపకాయలు యార్డుకు తోలేసి, పత్తి కట్టె పీకేసి, రైతులు కాస్త తీరుబడిగా ఉండే రోజులు. మావైపు జట్టులో స్మాషర్ మా ప్రాంతపు దేవుడు. పొగాకు రైతు కొడుకు, ఆరడుగుల మీద మూడంగుళాలు, ఎగిరి కొడితే బంతి అవతల నేలలో దిగబడినట్టు ఉండేది. రాష్ట్రానికి ఆడాడు గానీ చేతిలో ఉద్యోగం లేదు. ఫైనలుకి ఒక కంపెనీ ఆఫీసరు వస్తున్నాడని, ఆట నచ్చితే ఆటగాళ్ల కోటాలో ఉద్యోగం ఇస్తాడని ఊరంతా చెప్పుకున్నారు. నాకు దాంతో పనిలేదు. నా ఆలోచనల్లా ఆయన చేత దేని మీద సంతకం పెట్టించాలన్నదే. బంతి కమిటీవాళ్లది, ఇవ్వరు. చొక్కా మీద సిరా నాలుగు ఉతుకులకు పోతుంది. మోకాలి పట్టీ నా దగ్గర ఒకటి ఉంది, ఒకే రకం రెండు దేనికి? సెమీఫైనల్లో ఆయన బెంచీ మీద కాళ్లు చాపుకుని కూర్చుంటే బూట్లు కనిపించాయి. ఒకప్పుడు తెల్లవి. కుడిదాని ముక్కు దగ్గర నైలాను దారంతో కుట్లు. ఎడమదాని అడుగు ముందు భాగం పల్చగా అరిగిపోయింది, ఆయన ఆ కాలి మీదే ఎగురుతాడు కాబట్టి. బూటు అడుగు చూసి మనిషిని చెప్పే ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఆ బూట్లు చూస్తే ఆయన ఆట మొత్తం చూసినట్టే. అవి తప్ప ఇంకేదీ వద్దని అక్కడికక్కడే తీర్మానించుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన బస చేసిన ఇంటికి వెళ్లాను. వరండాలో మంచం మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"అన్నా, మీ బూట్ల మీద సంతకం కావాలి."

"దానికేముంది, పెడతా."

"పెట్టి నాకిచ్చెయ్యాలి."

"ఇచ్చేసి నేనేం తొడుక్కోవాలి తమ్ముడూ? సాయంత్రం ఫైనలుంది."

అప్పుడు తీశాను, రాత్రికి రాత్రే మా కొట్టుకెళ్లి తెచ్చిన అట్టపెట్టె. ఆయన పాదం కొలతకు మా వైపు బూట్లు దొరకవు, ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. పదకొండో నంబరు పాదం ఉన్న మనిషి మా కొట్టు మెట్టెక్కకే కదా అవి మూడేళ్లు అటక మీద ఉన్నది. అట్ట కట్టినట్టున్న మడమ భాగాన్ని బొటనవేలితో వంచి చూశాడు.

"కరవవు గదా?"

"మెత్తటి సరుకన్నా. కాలికి ఉన్నట్టే తెలీదు."

రోజుకు పదిసార్లు చెప్పే మాట, దానంతటదే వచ్చేసింది. కొట్లో అయితే ఇంకో ముక్క కలిపేవాణ్ణి, రెండు రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగండి అని. ఆ ముక్క మింగేశాను. ఆయన నీలం మార్కర్‌తో రెండు బూట్ల మీదా, బడిపిల్లాడిలా, ఇంటిపేరుతో సహా రాసిచ్చాడు.

సాయంత్రం మా అక్క మొగుడితో కలిసి ఆట చూడటానికి కూర్చున్నాను, సంతకం బూట్ల సంచీ ఒళ్లో పెట్టుకుని. మా బావ పత్తి కొనే మనిషి, దూది పీచు పట్టుకుని చూసినట్టే మనుషుల్నీ చూస్తాడు. మొదటి సెట్టు మావాళ్లదే. రెండో సెట్టు మొదలైన కాసేపటికి స్మాషర్ ఎగరడం తగ్గింది. దిగేటప్పుడు మొహం చిట్లిస్తున్నాడు. కొత్త బూట్ల మడమల దగ్గర ఎర్రటి చార కనపడింది.

"ఏరా, మీ దేవుడు కుంటుతున్నాడే?" అన్నాడు మా బావ.

"అలిసిపోయాడు బావా."

"అలిసినోడు కూలబడతాడు, కుంటడు. ఆ సంచీలోవి ఇచ్చిరా పో."

"నీళ్లు చల్లిన కోర్టు బావా. సంతకం చెరిగిపోద్ది."

మా బావ నా వంక చూశాడు. పుచ్చు గింజ దూదిని చూసినప్పుడు అలాగే చూస్తాడు. మధ్యలో ఆట ఆపినప్పుడు స్మాషర్ కూడా ఒకసారి మా వైపు చూశాడు. అడగలేదు. మా రైతులు ఎద్దునైనా పొలాన్నైనా సరేనన్నాక వెనక్కి అడగరు. అడగడని నాకు తెలుసు. ఆ ధైర్యంతోనే కదలకుండా కూర్చున్నాను. రెండో సెట్టు పోయింది.

అప్పుడు లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ చెప్పలేను, బావ చూపుకే కావచ్చు. జనంలోంచి తోసుకుంటూ వెళ్లి బూట్లు ఆయన ముందు పెట్టాను. "ఇప్పుడా తమ్ముడూ?" అన్నాడు, అంతే. తొడుక్కుని దిగాడు. ఆ పుండు పడిన మడమలతోనే మళ్లీ ఎగిరాడు. మూడో సెట్టు రెండు పాయింట్ల తేడాతో పోయింది. ఆఫీసరు అవతలి జట్టులో ఒక కుర్రాడి భుజం తట్టి, అతని పేరు రాసుకుని జీపెక్కాడు.

జనం పలచబడ్డాక స్మాషరే నన్ను పిలిచాడు. బూట్లు విప్పి, బురద దులిపి నా చేతిలో పెట్టాడు. "బేరం బేరమే. నీ సంతకం పాడైనట్టుంది, మళ్లీ రాయనా?" అన్నాడు. వద్దన్నాను. కొత్త బూట్ల మడమలు అణగదొక్కి చెప్పుల్లా తొడుక్కుని, "ఇవి మెత్తబడితే బానే ఉంటాయిలే" అంటూ వెళ్లిపోయాడు. తర్వాతి వేసవిలో ఇంకెక్కడో ఆడి, వేరే కంపెనీలో ఉద్యోగం తెచ్చుకున్నాడని విన్నాను.

కాబట్టి ఉన్నదున్నట్టు లెక్క తేలిస్తే ఇది. జతకు జత చెల్లు. సంతకం పోయింది, ఆ నష్టం నాది, చిన్నది. ఓటమంతా నెత్తిన వేసుకోవడం కూడా ఒకరకం గొప్పలు చెప్పుకోవడమే, అవతలివాళ్లూ బాగా ఆడారు. కానీ రెండో సెట్టు ఇరవై నిమిషాలు సాగింది, ఆ ఇరవై నిమిషాలూ సంచీ నా ఒళ్లోనే ఉంది. నేను అక్కడ ఇరవై నిమిషాలు కూర్చున్నందుకు, ఆయన వాళ్ల నాన్న పొగాకు ఆరబెట్టే బ్యారన్ పొయ్యి ముందు కట్టెలు ఎగదోస్తూ ఇంకో ఏడాది కూర్చున్నాడు.