తొకుజి మోసిన చేపలు

కినుయో సముద్రం ఒడ్డున పుట్టింది. పెళ్లయి కొండల్లోకి వచ్చిన కొత్తలో, మొగుడు తొకుజి వాగులోంచి తీసిన ఇవానా చేపని చూసి, "దీన్ని మా ఊళ్లో పిల్లి కూడా ముట్టదు," అంది. తొకుజి దానికి ఉప్పు రాసి, పుల్లకి గుచ్చి, నిప్పుల పక్కన నిలబెట్టాడు. తిన్నాక ఆమె మళ్లీ ఆ మాట అనలేదు.

వాగులో నడక ఆయనే నేర్పాడు. వంగి నడవాలి. నీడ నీళ్లమీద పడకూడదు. పొడుగాటి కర్ర, దాని కొసకి దారం, దారం చివర కోడి ఈకతో కట్టిన దొంగ ఈగ. సరంజామా అంతే. పట్నం నుంచి గాలం వేయడానికి వచ్చేవాళ్లకి చేప ఉండే చోటు చూపించడం, ఎలుగు తిరిగే చోటు తప్పించడం ఇద్దరి బతుకుతెరువు. తొకుజి పోయాక ఆమె ఒక్కతే చేస్తోంది.

జలపాతం పైకి మాత్రం ఎవరినీ తీసుకెళ్లదు.

ఇవానా చేపలు ఆ జలపాతం ఎక్కలేవు. అందుకని ఆ లోయలో ఒక అలవాటు ఉంది. వాగుమీద బతికినవాడు ఒంట్లో సత్తువ ఉండగానే కొన్ని చేపల్ని బతికుండగా పైకి మోసి వదలాలి, తర్వాత వచ్చేవాళ్ల కోసం. అక్కడ పుట్టిన చేపపిల్లల్ని మోసినవాడు కళ్లారా చూసేదాకా పైన ఎవరూ గాలం వేయరు.

తొకుజి ఆకులు రాలే కాలంలో మోశాడు. రేకు డబ్బా వీపున కట్టుకుని, దారిలో కనబడ్డ ప్రతి ఊట దగ్గరా నీళ్లు మారుస్తూ. ఆ చలికాలమే ఇంటికప్పు మీది మంచు తోస్తూ జారిపడి పోయాడు. తర్వాతి వానల్లో వాగు పొంగి బండల్నే దొర్లించేసింది.

"ఒకసారి వెళ్లి చూడు వదినా," అనేవాడు మరిది హేయిసుకె, వచ్చినప్పుడల్లా.

"మోసినవాడు చూడాలి కదా."

"అన్నయ్య కళ్లజోడు ఎక్కడుందో ఏ రోజైనా అన్నయ్య చూసుకున్నాడా? నువ్వే కదా చూసి చెప్పేదానివి. ఇదీ చూసి చెప్పు."

"నీ టీ చల్లారుతోంది. తాగు."

ఆమె వెనకాడింది అలవాటు తప్పుతుందని కాదు. చూడనంతకాలం ఆ చేపలు ఉన్నట్టే. చూసి, లేకపోతే, ఆయన ఆఖరున చేసిన పని కూడా ఆయనతోపాటే పోయినట్టు.

ఈ వసంతంలో ఉరబే వచ్చాడు. పట్నంలో ట్రాము నడిపి రిటైరైన మనిషి, ఏటా వస్తాడు. ఇద్దరూ జలపాతం దాకా చేరి వెనక్కి తిరిగేసరికి, కింది మలుపులో ఎలుగుబంటి కనబడింది. దాని వెనకే పిల్ల. తల్లి తీరిగ్గా రాళ్లు తిరగేస్తోంది.

కినుయో నడుముకున్న గంట మెల్లగా మోగించింది. ఎలుగు తలెత్తి చూసి, మళ్లీ రాళ్లమీద పడింది.

"మనల్ని లెక్కచేయట్లేదండీ," అన్నాడు ఉరబే గొంతు తగ్గించి. "టికెట్ లేకుండా ఎక్కినవాళ్లు నన్ను ఇలాగే చూసేవాళ్లు."

"పిల్లతో ఉంది. అటు వెళ్లొద్దు. పైనుంచి చుట్టుతిరిగి దిగుదాం."

"పైకి వెళ్లకూడదన్నారుగా?"

"వెళ్లొచ్చు. గాలం వేయకూడదు."

ఇంతకాలం ఆ మాట ఆమె తనకి తాను కూడా చెప్పుకోలేదు.

జలపాతం పక్కన వేళ్లు పట్టుకుని ఎక్కారు. పైన వాగు సన్నగా, తేటగా పారుతోంది. గట్టుమీద ఇంకా కరగని మంచు. కినుయో నీళ్లకి వీపు పెట్టి కూర్చుంది. మూట విప్పి, ఉప్పులో ఊరిన పుల్లటి పండు పెట్టిన అన్నం ముద్ద ఒకటి ఉరబేకి ఇచ్చి, ఒకటి తను తీసుకుంది.

అతను తింటూ చాలాసేపు నీళ్లలోకి చూశాడు. "ఏమీ కనబడట్లేదు, కినుయో గారూ."

"కనబడవు."

"ఒక పిట్ట మాత్రం ఉంది. నల్లది. నీళ్లలో మునిగి లేచింది. పాపం, ఆకేదో పట్టుకున్నట్టుంది, రాయికేసి కొడుతోంది."

కినుయో తిరిగి చూసింది.

నీటిపిట్ట ముక్కున ఉన్నది ఆకు కాదు. చిటికెన వేలిలో సగం ఉంది. రాయికి తగిలినప్పుడల్లా మెరిసింది. దాన్ని పట్టుకుని పిట్ట నీళ్లమీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి, జలపాతం చాటున ఉన్న గూటికి పోయింది.

ఆమె మోకాళ్లమీద, చేతులమీద నీళ్లదాకా పాకింది. నీడ పడకుండా తల పక్కకి వంచింది. ఒడ్డున, నీళ్లు కదలని చోట, ఇసుక రంగులోనే ఇసుకమీద చేపపిల్లలు నిలబడి ఉన్నాయి. తోకలు ఆడకపోతే తెలిసేవి కావు.

ఉరబే తన గాలపు కర్ర ముక్కలు ఊడదీసి సంచిలో పెట్టేశాడు. ఆమె చేతిలో నలిగిన అన్నం ముద్ద మెతుకులు కొన్ని నీళ్లలో రాలాయి.

సాయంత్రం హేయిసుకె గడప దగ్గర బూట్లు విప్పుతూ, "బట్టలన్నీ తడిశాయేంటి వదినా, ఈ వయసులో ఈత నేర్చుకుంటున్నావా?" అన్నాడు.

"పైకి వెళ్లాను."

అతను రెండో బూటు విప్పడం ఆపేశాడు.

"ఒక చేపపిల్లని నీటిపిట్ట తినడానికి పట్టుకుపోయింది," అంది కినుయో.

హేయిసుకె రెండో బూటు విప్పి పక్కన పెట్టాడు.

"తినడానికి ఉన్నాయన్నమాట," అన్నాడు.

ఆమె టీకి నీళ్లు పెట్టింది.